వీణకు గవుసెన

వీణ ప్రసంగము వచ్చినపుడు మనము రాగములను గూర్చియు, వైణికుల హస్తలాఘవమును గూర్చియు మాటలాడుకొందుము. ఆ వీణ ఒక ఊరినుండి మరియొక ఊరికి భద్రముగా ఎట్లు చేరినదని అడుగువారు అరుదు. నేడు నేను చెప్పదలచినది ఆ చిన్న ప్రశ్నకు చెందిన చరిత్రయే. ఇది వీణను దాచు గవుసెన కథ. గుడ్డతో మొదలై, చెక్కపెట్టెకు వచ్చి, తుదకు మా కృష్ణపట్నపు రేవులో పడవలు బాగుచేయువారి చేతిమీదుగా కార్బన్ ఫైబరు అను క్రొత్త పదార్థమును చేరిన కథ.

మొదట వీణకు రక్షణ ఏల కావలయునో విచారింతము. క్రీ.శ. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో వీణకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే కలదు. పిదప తంజావూరునేలిన రఘునాథనాయకుని కాలమున, అనగా 17వ శతాబ్ది తొలి దశకములలో, 24 మెట్లు కదలకుండ నిలుపబడిన నేటి వీణారూపము స్థిరపడినదని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. ఆ మెట్లు నిలుచునది మైనముపైన. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినను స్వరము చెడును. మైనమునకు ఎండ శత్రువు. పనసకర్రకు తేమ శత్రువు. దండికి దెబ్బ శత్రువు. ఒక కొన బరువైన కుండ, మరియొక కొన యాళిముఖము, నడుమ పొడవైన దండి. సుమారు 4 అడుగుల ఈ ఆకృతిలో కుదుపంతయు కుండయు దండియు కలియుచోటనే పడును. విజయనగరము జిల్లా బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసదూలమును తొలిచి ఏకాండి వీణను చేయుట ప్రసిద్ధము. దానికి ఆ అతుకు లేదు. అయినను మైనము మైనమే, కర్ర కర్రయే.

పూర్వము ఈ బాధ ఇంతగా లేదు. సంస్థానములలో వైణికుడు ఆస్థానమునందే ఉండెను; వీణ పూజామందిరమునందో సంగీతశాలయందో పట్టుగుడ్డ కప్పుకొని కూర్చుండెను. సంస్థానాదరణము సన్నగిల్లి, సభలును పాఠశాలలును వచ్చిన పిమ్మట వీణ ప్రయాణము పట్టినది. బెజవాడనుండి నెల్లూరు మీదుగా చెన్నపట్టణమునకు పొగబండి దారి 1899లో ఏర్పడినది. విజయనగరమున 1919లో సంగీతకళాశాల వెలసినది. మదరాసు రేడియోకేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ఆరంభమైనవి. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు మొదలగు వైణికులు మన నాదమును దేశదేశములకు కొనిపోయిరి. ఫిడేలు చిన్నది, దానికి పెట్టె అమరుట సులభము. వీణకట్లు కాదు. గుడ్డగవుసెన దుమ్మును ఆపును గాని దెబ్బను ఆపదు. చెక్కపెట్టె దెబ్బను ఆపును గాని, దానిని మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలయును. పైగా మా సముద్రతీరమున తేమను పీల్చి ఉబ్బి, మూత పట్టుకొని రాదు.

ఇక పదార్థమును గూర్చి. కార్బన్ ఫైబరు అను పేరు వినగానే అది మనకు సంబంధింపని వింత అని తలపనక్కరలేదు. కార్బన్ అనగా బొగ్గులోని మూలద్రవ్యము. ఫైబరు అనగా నార. బొగ్గునార అందము. నార ఒక్కటియే వంగును. బంక ఒక్కటియే విరుగును. రెండును కలిసినచో వంగక విరుగక నిలుచును. ఈ రహస్యము మన ఇల్లాండ్రకు ఎన్నడో తెలియును. వెదురుచేటకు కాగితపు గుజ్జును, నానబెట్టి రుబ్బిన మెంతులను మెత్తుట మీరెల్లరు చూచినదే. చేటలోని వెదురుబద్ద నార, మెంతిముద్ద బంక. మట్టిగోడలో గడ్డి కలుపుటయు ఇదే విద్య. ఈ కోస్తాలో పూర్వము అలలపై నడచిన మసూలా పడవలను మేకులతో గాక కొబ్బరినారతో కుట్టెడివారు. అల కొట్టినపుడు మేకు ఊడును, నార సాగి ఓర్చుకొనును. నారను నమ్ముకొని బ్రదుకుట మా రేవునకు క్రొత్త గాదు.

పిమ్మట గాజునార వచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమము 1979లో మదరాసు కేంద్రముగా ఆరంభమై, తీరమున అలలను దాటి ఒడ్డెక్కగల గాజునార పడవలను పరీక్షించి చూపెను. 2004 డిసెంబరు 26వ తేదీ ఉప్పెన పిదప మన తీరమున కొయ్యతెప్పలు తగ్గి, ఫైబరు పడవలు హెచ్చినవి. పడవతోబాటు దానిని బాగుచేయు విద్యయు పల్లెలకు వచ్చినది. పగిలినచోట గీకి, ఆరబెట్టి, గాజునార మ్యాట్ పరచి, రెజిన్ పోసి, బుడగలు లేకుండ కుంచెతో అదుముట మా ప్రాంతపు మత్స్యకార యువకులకు నేడు వలను బాగుచేసినంత సహజము.

బొగ్గునార చరిత్ర ఇంతకంటె పాతది. 1879లో అమెరికాలో ఎడిసన్ విద్యుద్దీపమునకై నూలుదారమును గాలి తగులకుండ కాల్చి బొగ్గుతీగ చేసెను. తరువాత వెదురుపీచును అట్లే కాల్చెను. అది వెలుగుకొఱకు, బలముకొఱకు కాదు. 1958లో అమెరికాలోనే రోజర్ బేకన్ అను శాస్త్రజ్ఞుడు మిక్కిలి బలమైన బొగ్గునారను ప్రయోగశాలలో గాంచెను. 1961 ప్రాంతమున జపానులో అకియో షిందో, స్వెట్టర్లు అల్లు యాక్రిలిక్ నూలు జాతికి చెందిన దారమునుండి దానిని తీయు మార్గము చూపెను. తరువాతి సంవత్సరములలో ఇంగ్లండున ఫార్న్‌బరో పరిశోధకులు ఆ మార్గమును దృఢపరచిరి. ఆ దారమును మొదట గాలిలో 200 నుండి 300 డిగ్రీల వేడిమిలో పదునుపెట్టి, పిదప గాలి లేనిచోట 1000 డిగ్రీలకు మించి కాల్చుదురు. మిగులునది 100కు 90 పాళ్లకు పైగా కార్బనే. ఒక్కొక్క పోగు మన తలవెంట్రుకలో పదవవంతు సన్నము. అట్టి పోగులు 3000 చేర్చి ఒక పేట, పేటలు కలిపి బట్ట నేయుదురు. అంతే పరిమాణమున్న ఉక్కు బరువులో దీని బరువు నాలుగవవంతునకు తక్కువ.

మన తెలుగుదేశమున ఈ పరిజ్ఞానము ఆకాశమునకై వచ్చి, పిమ్మట నేలకు దిగినది. పులికాటు సరస్సునకు ఆవలనున్న శ్రీహరికోటనుండి 1980 జూలై 18వ తేదీన రోహిణి ఉపగ్రహమును నింగికెత్తిన వాహనమునకు సారథ్యము వహించిన అబ్దుల్ కలాంగారు ఇట్టి నార-బంక పదార్థములయందు ఆరితేరినవారు. పిదప ఆయన హైదరాబాదున క్షిపణి ప్రయోగశాలలో ఉండగా, నిజాం వైద్యసంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకడు ఆ తేలిక పదార్థమును చేతికెత్తి చూచి, తన ఆసుపత్రిలోని బాలబాలికల దుఃస్థితిని చూపెను. వారు కాళ్లకు 3 కిలోలకు పైబడిన లోహపు పట్టీలు కట్టుకొని ఈడ్చుకొనుచు నడచుచుండిరి. అగ్ని క్షిపణికై నేర్చిన విద్యతో ప్రయోగశాలవారు ఆ బరువును 300 గ్రాములకు దింపిరి. పిల్లలు పరుగెత్తిరి. ఈ సంగతిని కలాంగారు తమ ప్రసంగములలో తరచు సంతోషముతో చెప్పెడివారు. ఆయన స్వయముగా వీణ వాయించెడివారన్నదియు మరువరాదు.

పడవకును వాద్యమునకును గల చుట్టరికమును సముద్రమునకావల మరియొకడు కనుగొనెను. అమెరికాలో బోస్టన్ సింఫనీ వాద్యబృందమున చెల్లో వాయించిన లూయిస్ లెగుయా, తన గాజునార తెరచాపపడవపై పోవుచు, అలలు తాకినపుడు పడవపొట్టలో పుట్టు నాదమును వినెను. దానిని బట్టి వాద్యమునే అట్లు చేయవచ్చునని తలచి స్వయముగా ప్రయోగములు చేసి, తుదకు పడవలు కట్టు స్టీవ్ క్లార్కు సాయముతో బొగ్గునార చెల్లోను సిద్ధపరచెను. వీణకుండయు తొలిచిన దోనెయే గదా!

ఇక మా ఇంటి సంగతి కొంత చెప్పుట ప్రస్తుతము. నా మనుమరాలు వీణపాఠమునకు నెల్లూరు పోవుచుండెను. ఒకనాటి ప్రయాణమున కుదుపునకు వీణ అతుకు విడిపోయినది. మూడు తరములుగా మ్రోగిన వీణ మూలపడినది. పిల్ల చదువును ఆగినది. బాగుచేయించుట ఒక ఎత్తు. మరల బయటికి పంపుటకు ఇంటిలో ఎవరికిని ధైర్యము చాలకపోవుట మరియొక ఎత్తు. అపుడు రేవులో పడవలకు రెజిన్ పని చేయు యువకుడొకడు వచ్చి, వీణను నాలుగువైపుల చూచి యిట్లనెను: "అయ్యవారూ, పడవలోకి నీళ్లు రాకూడదు, పెట్టెలోకి దెబ్బ రాకూడదు. పని ఒకటే గదా!" అతడు నా శిష్యుడు కాడు, ఆ పనికి నేనే అతని శిష్యుడనైతిని.

చేసిన క్రమమును చెప్పెదను. వీణను కాగితముపై ఉంచి, చుట్టును రెండంగుళముల ఎడముతో గీత గీసితిమి. ఆ కొలతకు థర్మోకోలును చెక్కి, పుట్టీ పూసి నునుపుచేసి అచ్చు చేసితిమి. వీణమీద నేరుగా ఏదియు పూయలేదు. పడవలకు సాధారణముగా వాడు పాలియెస్టర్ రెజిన్ థర్మోకోలును కరిగించును; ఎపాక్సీ కరిగింపదు గనుక దానినే వాడితిమి. అచ్చు అంటుకొనకుండ ప్లాస్టిక్ టేపు చుట్టి మైనము రుద్దితిమి. దానిపై చదరపు మీటరునకు 200 గ్రాములు తూగు బొగ్గునార బట్ట, నడుమ పలుచని గట్టినురుగు పలక, లోపల గాజునార బట్ట. నడుమ పలక ఏలయన, వెదురు బోలుగా ఉండియు వంగదు గదా! మందము రెట్టింపైనచో బిగువు ఎనిమిది రెట్లగును. బరువు మాత్రము అంతగా పెరుగదు. క్రింది చిప్ప, పై చిప్ప వేరువేరుగా చేసి, ఒక్కొక్కటి ఒక దినము కదలింపక ఉంచితిమి. లోపల మెత్తలు కుండక్రిందను, దండిక్రిందను అమర్చితిమి. గుర్రముపైనను బిరడలపైనను ఏ ఒత్తిడియు పడదు. పాత చెక్కపెట్టెను ఇద్దరు మోయవలసియుండెను. దీనిని వీణతో సహా మా పిల్ల ఒంటిగా భుజమున వేసికొని బస్సెక్కినది.

చేయదలచిన వారికి కొన్ని హెచ్చరికలు. రెజిన్, హార్డనరు తూచి కలుపవలయును, కంటి అంచనా పనికిరాదు. ఒకే పాత్రలో ఎక్కువ కలిపినచో అది తనంతట వేడెక్కి పొగలెత్తును. చేతికి తొడుగులు, కోయునపుడు ముక్కునకు గుడ్డ గాక సరియైన మాస్కు అవసరము. ఆ ధూళి ఊపిరికి కీడు. బొగ్గునార విద్యుత్తును పారించును గనుక కరెంటు తీగలకు దూరము. ఉప్పుగాలిలో అల్యూమినియపు బందులు దీనికి తగిలినచో త్వరగా తినివేయబడును. మేలైన స్టెయిన్‌లెస్ ఉక్కు బందులు, నడుమ గాజునార తునక ఉండవలయును. అన్నింటికంటె ముఖ్యము, నల్లనిది ఎండను త్రాగును. ఇంటివేడిమిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీలకే మెత్తబడసాగును. లోపలి మైనమునకు అంత వేడిమియు అక్కరలేదు. అందుచే మా పెట్టెకు తెల్లరంగు వేసితిమి. నలుపు అందమని మా పిల్ల కొంత అలిగినది గాని, మెట్ల మాట చెప్పగా సమాధానపడినది.

దీనియందు దోషము లేదా? కలదు. గాజునారకంటె దీని వెల పలురెట్లు. సూటిగా పెద్ద దెబ్బ తగిలినచో కర్రవలె నొక్కుపడక పగులును. అందుకే లోపలి గాజునార. చెక్కపెట్టె పాడైనచో వంటచెరకగును. ఇది మట్టిలో కలియదు. కావున అవసరము లేనిచోట దీనిని చేయుమని నేను చెప్పను. ఇంటినుండి కదలని వీణకు పట్టుగుడ్డ గవుసెనయే చాలును.

కాని పెద్దలారా, మన ఊళ్లలో ఎన్ని ఇండ్ల అటకలపై వీణలు దారాలు తెగి పడియున్నవో ఒకసారి ఆలోచింపుడు. వాటిలో కొన్ని వాయించువారు లేక మూగపోయినవి. కొన్ని మాత్రము మోసికొనిపోవు దారి లేక మూగపోయినవి. మొదటి లోపమునకు గురువు కావలయును. రెండవ లోపమునకు వలయు చేతులు మన రేవులలోనే ఉన్నవి. పడవ బాగుచేయు పిల్లవానిని మనము కూలివానిగానే చూచుచున్నాము. అటకమీది వీణను దింపి, తుడిచి, అతనిని ఇంటికి పిలిచి, కూర్చుండబెట్టి చూపుడు. కొలతలు అతడే తీసికొనును.