వార్తా ప్రామాణ్యం: బ్లాగరు, పాత్రికేయుడు
వక్త హోదా వార్తకు ప్రమాణం కాజాలదని 2004 నాటి అమెరికా పత్ర వివాదం తెలుపుతున్నది. అధ్యక్షుడు జార్జి బుష్ నేషనల్ గార్డు సేవకు సంబంధించినవంటూ, 1972-73 నాటి తేదీలున్న పత్రాలను సెప్టెంబరు 8న సి.బి.ఎస్. ప్రసారం చేసింది. వాటి అక్షరాల అమరిక కంప్యూటరు ముద్రణను పోలి ఉందని బ్లాగర్లు గంటల వ్యవధిలోనే ఆక్షేపించారు. అయితే అక్షరపు వెడల్పును బట్టి చోటు విడిచే టైపురైటర్లు ఆనాడు లేవన్న కొందరి వాదమూ నిలువదు. అవి 1940ల నుండే ఉన్నాయి. సంస్థను చిక్కులో పడవేసినది మూలం. దాని వద్ద ఉన్నవి నకళ్లే. అవి తనకెలా లభించాయో ఇచ్చిన వ్యక్తి మాట మార్చాడు. వాటి ప్రామాణికతను నిరూపించలేమని సెప్టెంబరు 20న సంస్థ అంగీకరించింది. పరిష్కర్త తాళపత్ర ప్రతుల పరంపరను విచారించినట్లే వార్త మూలాన్నీ విచారించాలి. ఆ విచారణ జరిపినవాడే, బ్లాగరైనా పాత్రికేయుడైనా, విశ్వసనీయుడు.