బోయీలు లేని ప్రయాణము

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేరినపుడు వారివెంట సుమారు నూరుమంది పరివారము నడచిరి. పల్లకి మోయుటకు బోయీలు, దిగినచోట నీడకు డేరాలు, అన్నియు నుండెను. వారు అహోబిలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదు మీదుగా ఉత్తరదేశమునకు పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆ ప్రయాణమునుగూర్చి వారు వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. నేను బడిపంతులుగా నున్నకాలమున ఆ గ్రంథమును పిల్లలకు చదివి వినిపించుచుండెడివాడను. ఆ వినినవారిలో మా మేనల్లుడొకడు.

ఆ మేనల్లుడిప్పుడు మాదాపురములో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. మీ యిండ్ల పిల్లలును అనేకులు అచటనే యుందురు. ఒకప్పుడా ప్రాంతమున బండరాళ్లును, గోలకొండ కోటకు నీరందించినదని ప్రతీతిగల దుర్గముచెరువును తప్ప చెప్పుకొనదగిన వేమియు లేవు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిన పిదప ఆ రాళ్లనడుమ హైటెక్ సిటీ లేచినది. మావాడు ఒకనాడు వచ్చి, "మామయ్యా, మోటారు సైకిలు కొని ఒంటరిగా శ్రీశైలం పోవాలని ఉన్నది" అనెను. వలదని కసరితిని. "వీరాస్వామయ్యగారి యాత్ర చదివించినది మీరే కదా" అని వాడు నన్నే పట్టుకొనెను.

కసరుటకు నాకు కారణము లేకపోలేదు. నా యిరువదియైదవయేట ఒక మిత్రుని బరువైన బండిని ఎరువు తెచ్చుకొని పొరుగూరికి పోవుచు, చెరువుకట్ట మలుపున కంకరమీద ఆపబోయితిని. కాలు నేలకందలేదు. బండియు నేనును ఒరిగితిమి. కాలు దానిక్రింద చిక్కి గంటసేపు కదలలేక పడియుంటిని. గొల్లలిద్దరు అటు రాకున్నచో ఏమగుదునో! తప్పు బండిది కాదు, నా కొలతకు మించినదానిని ఎక్కిన నాది. వీరాస్వామయ్యగారి బరువును నూరుమంది పంచుకొనిరి; ఒంటరివాని బరువును, వాని బండి బరువును వాడే మోయవలెను.

ఈ యంత్రమునకు మొదటినుండియు కొంత పొగరున్నది. 1885లో జర్మనీదేశమున డైమ్లరు, మైబాకు అనువారు కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రము బిగించిరి. డైమ్లరుగారి కుమారుడు దానినెక్కి పోవుచుండగా ఆసనమునకే నిప్పంటుకొనెనట! అర్ధశతాబ్దమైనను కాకమునుపే, 1932లో, ఫుల్టను అను అమెరికా యువకుడు ఒంటరిగా లండనునుండి బయలుదేరి మనదేశము మీదుగా జపానువరకు మోటారు సైకిలుపై పోయెను. మనవైపు 1955లో చెన్నపట్టణమున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ వెలసి బుల్లెట్టు బండ్లను చేయసాగినది. హైదరాబాదు ఆల్విను సంస్థ తన స్కూటరునకు పుష్పక్ అని పేరిడినది. పుష్పకవిమానమున ఎందరెక్కినను మరియొకరికి చోటుండునట. మన గృహస్థులు ఆ పేరు సార్థకము చేసి ఆలుబిడ్డలతో నలుగురేసి ఎక్కిరి. 1985లో హీరోహోండా వారి నూరు సి.సి. బండి వచ్చినపిమ్మట పల్లెపల్లెకు మోటారు సైకిలు చేరినది.

ఇక హైదరాబాదు ఆడపడుచుల సంగతి వినుడు. సనా ఇక్బాలు అను యువతి ఆత్మహత్యలు వలదని చాటుచు 2015-16లో ఒంటరిగా దేశమెల్ల చుట్టి వచ్చెను. 2018లో జై భారతిగారును మరి ముగ్గురు స్త్రీలును హైదరాబాదునుండి మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాముల మీదుగా సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చిరి. ఇవి తెలిసిన పిదప మేనల్లుని వలదనుటకు నాకు నోరాడలేదు. అయినను ఏ బండి అను విషయమున మాత్రము పట్టు విడువలేదు.

వాడు 350 సి.సి. బుల్లెట్టును కోరెను. దాని బరువు సుమారు 195 కిలోలు. నూరు సి.సి. బండి 110 కిలోల ప్రాంతమున నుండును. దుకాణమున వానికి రెండే పరీక్షలు పెట్టితిని. ఆసనముపై కూర్చున్నపుడు రెండు పాదములును నేలకు చదునుగా ఆనవలెను. ఒరిగిన బండిని పరుల సాయములేక లేపవలెను. బుల్లెట్టుకడ వాడు చెమటలు క్రక్కెను. చివరకు నూటయేబది సి.సి. బండి యొకటి కుదిరినది. 2019 ఏప్రిలు 1 నుండి 125 సి.సి. మించిన క్రొత్త బండ్లన్నిటికి చక్రము బిగిసి జారకుండ కాచు ఎ.బి.ఎస్. బ్రేకు తప్పనిసరియైనది. మరియు దాని టైర్లు ట్యూబు లేనివి. మేకు గ్రుచ్చుకొన్నను గాలి మెల్లగా పోవును, రంధ్రమును త్రోవలోనే తాను పూడ్చుకొనవచ్చును. ఒంటరివానికి ఇది పెద్ద ఉపకారము. ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్టు నేనే కొనిపెట్టితిని.

అభ్యాసపు లైసెన్సు ఆరునెలలు చెల్లును. ముప్పదిదినములైన పిదప పరీక్షకు పోవచ్చును. మావాడు ముప్పదియొకటవదినముననే పోయెదనని తొందరపడెను గాని, మూడుమాసములు వేకువజామున ఖాళీ మైదానమున బ్రేకు పట్టుటయే నేర్చుకొమ్మంటిని. పిమ్మట అనంతగిరి కొండలకు పోయి సాయంకాలమునకు మరలివచ్చెను. తరువాత మెదకు. నగరముచుట్టునున్న 158 కిలోమీటర్ల బాహ్యవలయరహదారిపై ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు గనుక ఊళ్లమీది త్రోవలనే పట్టెను. అందువలన మజిలీల పేర్లు వానికి నోటికి వచ్చినవి.

శ్రీశైలపు టడవిదారి రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు మూసియుండును. కావున వాడు ముందునాటి సాయంకాలమే అచ్చంపేట చేరి విశ్రమించి, తెల్లవారుసరికి మన్ననూరు గేటువద్ద నిలిచి నాకు ఫోను చేసెను. దారిలో ఎన్నిమారులు పడితివని అడిగితిని.

"ఒక్కసారే మామయ్యా, ఇసుకలో. నేనే లేపుకున్నాను" అనెను.