యర్రగొండపాలెం శాసనసభ్యులు: నేపథ్యం, ప్రాధాన్యాలు, ఎన్నికల ఖర్చు

పుల్లలచెరువు: నల్లమల అంచున, పల్నాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పుల్లలచెరువు మండలం యర్రగొండపాలెం శాసనసభ నియోజకవర్గం పరిధిలోనిది. 2008 నాటి పునర్విభజనతో ఈ స్థానం మళ్లీ ఏర్పడి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. పుల్లలచెరువుతో పాటు యర్రగొండపాలెం, త్రిపురాంతకం, దోర్నాల, పెద్దారవీడు మండలాలు ఇందులో ఉన్నాయి. 2009 నుంచి 2024 వరకు జరిగిన నాలుగు ఎన్నికల్లో ముగ్గురు ఇక్కడి నుంచి శాసనసభకు వెళ్లారు.

2009లో కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచిన ఆదిమూలపు సురేష్ రాజకీయాల్లోకి రాకముందు రైల్వేలో అధికారి. కొలువుకు రాజీనామా చేసి పోటీకి దిగారు. మార్కాపురం ప్రాంతంలో విద్యాసంస్థలు నెలకొల్పిన కుటుంబం ఆయనది. తరువాత వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరి 2014లో సంతనూతలపాడు నుంచి గెలిచారు. ఆ ఏడాది యర్రగొండపాలెంలో అదే పార్టీ తరఫున పాలపర్తి డేవిడ్‌రాజు గెలుపొందారు. ఆయన 1999లో తెలుగుదేశం పక్షాన సంతనూతలపాడుకు ప్రాతినిధ్యం వహించినవారే. 2016లో తిరిగి తెలుగుదేశం గూటికి చేరారు. ఓటు ఒక గుర్తుకు వేస్తే సభ్యుడు మరో పక్షాన కూర్చోవడం ఈ నియోజకవర్గ ఓటరు దగ్గర నుంచి చూసిన సంగతే.

2019లో సురేష్ 31 వేల పైచిలుకు ఆధిక్యంతో తిరిగి ఇక్కడి నుంచే గెలిచారు. 2022 వరకు విద్యాశాఖ, ఆ తరువాత పురపాలక, పట్టణాభివృద్ధి శాఖల మంత్రిగా పనిచేశారు. పాఠశాలల మరమ్మతుల కోసం తలపెట్టిన నాడు-నేడు కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభమైంది. తొలి విడతలో 15,715 పాఠశాలలను చేపట్టారు. బడికి పంపే తల్లికి ఏడాదికి రూ.15 వేలు ఇచ్చే అమ్మఒడి 2020 జనవరిలో మొదలైంది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను మాత్రం 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. కరోనా రెండో ఉద్ధృతిలో పది, ఇంటర్ పరీక్షలు జరిపి తీరతామన్న ప్రభుత్వం, సుప్రీంకోర్టు ప్రశ్నల అనంతరం 2021 జూన్‌లో వాటిని రద్దు చేసింది. ఆ ప్రకటన చేసినది కూడా ఆయనే.

ఆస్తుల వ్యవహారంలోనూ ఆయన పేరు న్యాయస్థానాల వరకు వెళ్లింది. ఆదాయపు పన్ను శాఖ అధికారి అయిన ఆయన సతీమణిపై ఆదాయానికి మించిన ఆస్తుల ఆరోపణతో 2017లో సీబీఐ నమోదు చేసిన కేసులో సురేష్‌ను కూడా చేర్చారు. 2010 ఏప్రిల్ నుంచి 2016 ఫిబ్రవరి వరకు లెక్క చూసి రూ.1.10 కోట్లు అదనమని సీబీఐ పేర్కొంది. తెలంగాణ హైకోర్టు 2021 ఫిబ్రవరిలో ఎఫ్‌ఐఆర్‌ను రద్దు చేయగా, అదే ఏడాది అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి దర్యాప్తు కొనసాగించవచ్చని తెలిపింది. ప్రాథమిక విచారణ జరపకుండానే కేసు పెట్టవచ్చా అన్నదే అక్కడ ప్రధానంగా తేలిన అంశం. ఆరోపణ నిజమా కాదా అన్నది ఆ తీర్పు నిర్ణయించలేదు.

2024లో సురేష్ కొండపికి మారి ఓటమి చెందారు. యర్రగొండపాలెంలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి తాటిపర్తి చంద్రశేఖర్ 5 వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీ గెలిచిన 11 స్థానాల్లో ఉమ్మడి ప్రకాశంలోనివి రెండే. రెండోది దర్శి.

నీరే అసలు అజెండా

ఎవరు గెలిచినా పశ్చిమ ప్రాంతంలో మొదటి హామీ వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి కొండను తొలిచిన రెండు సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల సాగర్‌కు మళ్లించి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు. 2024 మార్చి 6న నాటి ముఖ్యమంత్రి జగన్ సొరంగాలను జాతికి అంకితం చేశారు గానీ, ముంపు గ్రామాల పునరావాసం పూర్తి కాలేదు. నిర్వాసితులకు పరిహారం అందనిదే జలాశయంలో నీరు నిలపడం సాధ్యం కాదు. ఈలోగా ఫ్లోరైడ్ నీళ్లు, అడుగంటిన బోర్లు, వేసవిలో ట్యాంకర్లు. మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న మరో చిరకాల కోరికకు మాత్రం 2025 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు ఆమోదం లభించింది.

ఖర్చు లెక్క ఎక్కడ?

శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2009లో రూ.10 లక్షలు. 2014, 2019 ఎన్నికల్లో రూ.28 లక్షలు, 2024లో రూ.40 లక్షలు. నామినేషన్‌కు ముందే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వెలువడిన 30 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివారిపై ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షన్ కింద మూడేళ్ల అనర్హత పడవచ్చు. సొంత సొమ్ము ఎంత, పార్టీ ఇచ్చినది ఎంత, చందాలు ఎంత అన్నది ఆ లెక్కలో చూపాలి. ఆస్తులు, అప్పులు, కేసులు నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రంలో ఉంటాయి.

అయితే ఈ పరిమితి అభ్యర్థికే. పార్టీ చేసే సాధారణ ప్రచారానికి గరిష్ఠ పరిమితి లేదు. ప్రధాన ప్రచారకుల ప్రయాణ ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకి రాదు. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఓటు కోసం చేతులు మారే నోట్లు ఏ రిజిస్టరులోనూ కనిపించవన్నది ఊరూరా తెలిసినదే. కనిపించే లెక్కనైనా చూడాలనుకునేవారు రుసుము చెల్లించి జిల్లా ఎన్నికల అధికారి వద్ద పరిశీలించవచ్చు. ప్రమాణపత్రాలు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో లభిస్తాయి.