ఎడిన్‌బరో పాఠశాలల గోడలు: తాపీపనిలో కప్పబడిన లోపం
స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో 2005లో ప్రారంభమైన ఆక్స్‌గ్యాంగ్స్ ప్రాథమిక పాఠశాల గోడ 2016 జనవరి 29న తుఫాను గాలికి కూలింది. సుమారు 9 టన్నుల ఇటుక కట్టడం నేలపాలైంది. అప్పటికింకా పిల్లలు బడికి రాలేదు.

గాలి నిమిత్తమాత్రమే. జంట పొరల గోడలో లోపలి పొరను, వెలుపలి పొరను కలిపి పట్టి ఉంచవలసిన లోహపు బంధాలు సిమెంటు అతుకులోకి తగినంత లోతుగా దిగలేదని 2017 ఫిబ్రవరిలో వెలువడిన జాన్ కోల్ నివేదిక తేల్చింది. పొరల మధ్య ఖాళీ మితిమీరిన చోట బంధపు కొస మాత్రమే ఇటుకను పట్టుకొని ఉంది. పై వరుస పేర్చగానే ఈ లోపం కప్పబడిపోతుంది. గోడ మాత్రం తీరుగానే కనిపిస్తుంది.

అందుచేత తాపీమేస్త్రీని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. పేర్చిన ఇటుకల లెక్కన కూలి ముట్టే చోట చేయి వేగాన్నే అలవరచుకుంటుంది. కప్పబడకముందే చూడవలసినవారు చూడలేదు. అదే ఒప్పందం కింద కట్టిన ఇతర బడుల్లోనూ లోపాలు బయటపడగా, ఆ ఏప్రిల్‌లో 17 పాఠశాలలు మూతపడ్డాయి.