దూలగొండి గింజ, వాంతి లేని మాత్ర

శామీర్‌పేట చెరువు వైపు నడిచే దారుల్లో, ముళ్లకంచెల మీద అల్లుకొన్న దూలగొండి తీగను చూసినప్పుడల్లా చిన్ననాటి దురద గుర్తుకు వస్తుంది. దాని సంస్కృతనామం కపికచ్ఛువు, అనగా కోతికి దురద పుట్టించేది. మేడ్చల్‌లో పిల్లలకు ఈ మాట వ్యుత్పత్తి చెప్పిన రోజుల్లో, ఆ గింజలో ఉండే పదార్థమే ఒకనాడు నా చేతి వణుకుకు మందవుతుందని ఊహించలేదు.

నాకు పార్కిన్‌సన్ వ్యాధి అని తేలి మాత్రలు మొదలుపెట్టిన వారంలోనే వికారం పట్టుకొంది. మాత్ర మింగిన అరగంటకు కడుపులో త్రిప్పుట, తరువాత డోకు. "పడని మందు ఎందుకండీ, మానేయండి" అన్నది మా ఇంటావిడ. నేనూ మానేద్దామనే అనుకొన్నాను. కానీ మానితే కలం పట్టలేను. ఈ వికారం ఎందుకో తెలుసుకొందామని చదవడం మొదలుపెడితే, ఈ మందు చరిత్రలో సగం వాంతితో జరిగిన పోరాటమేనని తెలిసింది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ ఈ వ్యాధిని వర్ణించి చిన్న గ్రంథం వ్రాశాడు. మన వైద్యులు కంపవాతం అన్నారు. 1913లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో మార్కస్ గుగ్గెన్‌హైమ్ అనే రసాయనవేత్త ఒక జాతి చిక్కుడు నుండి లెవోడోపాను వేరుచేశాడు. ఏమౌతుందో చూద్దామని రెండున్నర గ్రాములు తానే మింగి, తీవ్రంగా వాంతులు చేసుకొన్నాడు. ఈ మందు తెచ్చే వికారానికి మొదటి సాక్షి ఆయనే కావచ్చు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు అదే పదార్థాన్ని మన దూలగొండి గింజల నుండి వేరుచేశారు. అది వణుకుకు మందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంగతి తెలియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్, సర్పగంధి నుండి తీసిన రిసర్పిన్‌తో కుందేళ్లను కదలకుండా చేసి, డోపా ఇచ్చి మళ్లీ కదిలించాడు. 1960లో వియన్నాలో రోగుల మెదడులో డోపమైన్ తక్కువగా ఉన్నదని తేలింది. అయితే నోటి ద్వారా చాలినంత మందు ఇద్దామంటే వాంతి అడ్డు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ ఒక ఉపాయం పాటించాడు: కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచడం. శరీరం అలవాటు పడింది. మంచం పట్టినవారు లేచి నడిచారు.

వికారానికి కారణం ఇది. లెవోడోపా మెదడుకు చేరకముందే రక్తంలో, పేగుల్లో చాలావరకు డోపమైన్‌గా మారిపోతుంది. వాంతిని ప్రేరేపించే కేంద్రం మెదడు అడుగున, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే కోటగోడకు వెలుపల ఉంటుంది. బయటి డోపమైన్ దానిని రెచ్చగొడుతుంది. ఆ గోడ దాటలేని కార్బిడోపాను తోడు చేరిస్తే బయట జరిగే మార్పు తగ్గుతుంది. లెవోడోపా అవసరం సుమారు మూడు వంతులు తగ్గిపోతుంది. ఈ జంట మాత్ర అమెరికాలో 1975లో "సినెమెట్" అనే పేరుతో వచ్చింది. లాటిన్‌లో సినే అంటే "లేకుండా". తక్కినది వాంతిని చెప్పే గ్రీకు మాట. మన "వమ్" ధాతువూ, ఆ గ్రీకు మాటా ఒకే మూలం నుండి పుట్టినవే! అంటే "వాంతి లేనిది" అని మాత్రకే నామకరణం చేశారన్నమాట.

మన దుకాణాలలో దొరికే మాత్రల పేర్ల చివర 110, 125 అని అంకెలుంటాయి. రెంటిలోనూ లెవోడోపా 100 మిల్లీగ్రాములే. మొదటిదానిలో కార్బిడోపా 10, రెండవదానిలో 25. వాంతిని ఆపడానికి రోజుకు 70 నుండి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. నేను 110 మాత్రలు మూడు వేసుకొంటూ 30తో సరిపెట్టుకొంటున్నాను. వైద్యునికి చెప్పగా 125కు మార్చారు. సగం బాధ అక్కడే తీరింది.

మిగిలిన సగం వంటింట్లో తీరింది. మాంసకృత్తులు జీర్ణమై వచ్చే అమైనో ఆమ్లాలు, లెవోడోపా ఒకే ద్వారం గుండా పోటీపడి లోపలికి వెళతాయి. పప్పు, పెసరట్టు, పెరుగు ముందుంటే మందు వెనుకపడుతుంది. అందుకే భోజనానికి అరగంట ముందు గానీ, గంటన్నర తరువాత గానీ మాత్ర వేసుకొంటాను. ఖాళీ కడుపున త్రిప్పితే గుప్పెడు మరమరాలో, రెండు బిస్కెట్లో, పలుచని బియ్యపు జావో చాలు. పప్పూ పెరుగూ మానలేదు, రాత్రి భోజనానికి మార్చాను. ఇనుము మాత్రను రెండు గంటలు దూరంగా ఉంచుతాను.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. వాంతికని దుకాణంలో అడిగి తెచ్చుకొన్న మెటోక్లోప్రమైడ్ మింగిన రోజున కాళ్లు బిగుసుకొన్నాయి. అది మెదడులోనికి పోయి డోపమైన్‌నే అడ్డుకొంటుంది. ఈ వ్యాధిగ్రస్తులకు పనికిరాదు. డోంపెరిడోన్ మెదడులోనికి అంతగా పోదు. కానీ గుండె లయ మీద దాని ప్రభావం వల్ల 2014లో ఐరోపాలో దాని వాడకానికి పరిమితులు విధించారు. కనుక వైద్యుని మాట లేకుండా అదీ వద్దు.

కొందరు మిత్రులు "అయితే దూలగొండి గింజలే నూరుకోరాదా?" అని అడుగుతున్నారు. గింజలో లెవోడోపా ఉన్నమాట నిజమే. కానీ కార్బిడోపా తోడు లేదు, గింజగింజకూ మోతాదు ఒకటి కాదు. అంటే గుగ్గెన్‌హైమ్ వాంతి దగ్గరికి తిరిగి పోవడమే.

ఈ నాలుగు మాటలూ టైపు చేయడానికి రెండు ఉదయాలు పట్టింది, మాత్ర పనిచేసే గంటలలో. మందు పడక మానేద్దామనుకొనే వారు మీ ఇంట ఉంటే, ఒక్కసారి మాత్ర పెట్టె మీది అంకె చూసి వైద్యునితో మాట్లాడమని చెప్పండి.