హంపి నుంచి హంపి దాకా

శ్రీకృష్ణదేవరాయల కొలువు అనగానే తెలుగువాళ్లకు అష్టదిగ్గజాలు గుర్తొస్తారు. అదే కొలువులో బొడ్డుచర్ల తిమ్మన అనే కవి కూడా ఉండేవాడు. ఆయన పేరు జనం నోట నిలిచింది కవిత్వం వల్ల కాదు, చదరంగం వల్ల. రాయలవారితో పలకముందు కూర్చుంటే గెలుపు తిమ్మనదేనని, అవతల ఎందరు కలిసి ఆలోచించినా ఆయన్ని ఓడించలేకపోయేవారని ఒక చాటువు చెబుతుంది. ఆ నేర్పుకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామాన్ని రాసిచ్చాడని ప్రతీతి.

చాటువు శాసనం కాదు. అయినా, ఓడిన రాజు గెలిచినవాడికి ఊరిచ్చాడన్న ఈ కథను మనవాళ్లు ఐదు వందల ఏళ్లుగా దాచుకున్నారంటే ఆ ఆటమీద వాళ్లకెంత గౌరవమో తెలుస్తుంది. పలక దగ్గర ప్రభువూ లేడు, ప్రజలూ లేరు. ఎత్తు సరైనదా కాదా అన్నదే లెక్క.

ఆట పుట్టింది ఈ దేశంలోనే. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సైన్యమే చతురంగం. ఏడో శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో ఈ మాట వాడాడు. ఎనిమిది వరుసల అష్టాపదం మీద సాగిన ఆ యుద్ధం పారశీకానికి వెళ్లి చత్రంగ్ అయింది, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయింది, వాళ్లనుంచి ఐరోపా చేరింది. దారిలో పావుల వేషాలు మారిపోయాయి. రాజు పక్కనున్న మంత్రి అక్కడ రాణి అయింది. ఏటవాలుగా ఒక్క గడి మాత్రమే కదిలే ఆ పావుకు పలకంతా ఏలే బలం వచ్చింది పదిహేనో శతాబ్దం చివర్లో. ఏనుగు కాస్తా క్రైస్తవ మతాచార్యుడైంది.

తెలుగు పలకమీద మాత్రం పాత సైన్యం అలాగే ఉంది. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, శకటు, బంటు. శకటమంటే బండి, అంటే రథానికి ఆనవాలు. ఒక్క విచిత్రం ఉంది. పారశీకుల ఆటలో రథం మూల గడిలో, ఏనుగు లోపలివైపు నిలిచేవి. మన దగ్గర ఏనుగు మూలకు వెళ్లింది, శకటు లోపలికి వచ్చింది. చోటు మారినా సైన్యం చెదరలేదు. శకటును ఒంటె అని పిలిచేవాళ్లూ ఉన్నారు.

పలక ముట్టని తెలుగువాడు కూడా రోజూ చదరంగం భాషే మాట్లాడతాడు. ఎన్నికలొస్తే నాయకులు పావులు కదుపుతారు, ఎత్తుకు పైఎత్తు వేస్తారు. దొంగ దొరికితే పోలీసులు ఆటకట్టించారని పేపర్లు రాస్తాయి. ఇంతగా నాలుకమీద నిలిచిన ఆట మనకు మరొకటి లేదు.

వెనకటి ఆటకూ ఇప్పటి ఆటకూ తేడాలు లేకపోలేదు. నాటు పద్ధతిలో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడిచేది. కోట కట్టుకోవడం ఉండేది కాదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకేవాడు. చివరి వరుస చేరిన బంటు ఏ నిలువు వరుసలో నడిచి వచ్చిందో ఆ వరుస పావుగా మారేది. స్వాతంత్ర్యం వచ్చాక అంతర్జాతీయ నియమాలు స్థిరపడ్డాయి. భారతదేశపు మొట్టమొదటి జాతీయ చాంపియన్‌షిప్ 1955లో జరిగింది ఢిల్లీలోనో బొంబాయిలోనో కాదు, ఏలూరులో. రామచంద్ర సాప్రే, ఆంధ్రకు చెందిన డి. వెంకయ్య సంయుక్త విజేతలుగా నిలిచారు. తెలుగు క్రీడాచరిత్రలో పెద్ద అక్షరాలతో రాసుకోవలసిన ఈ సంగతి ఏలూరులోనే ఎందరికి తెలుసు?

ఆ తర్వాతి పెద్ద మలుపు గుడివాడలో వచ్చింది. 1987లో అక్కడ ఒక ఆడపిల్ల పుట్టింది. చాంపియన్ అనే మాటలోంచి తీసి తండ్రి కోనేరు అశోక్ ఆమెకు హంపి అని పేరు పెట్టాడు. తిమ్మన ఆడిన రాయల రాజధాని పేరే ఈ అమ్మాయికి రావడం కేవలం యాదృచ్ఛికం, కానీ ఎంత అందమైన యాదృచ్ఛికం! అశోక్ ఉద్యోగం వదిలేసి కూతురికి గురువయ్యాడు. హంపి పదేళ్లలోపు, పన్నెండేళ్లలోపు, పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ కిరీటాలు వరసగా గెలిచింది. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల్లో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్నవాళ్లు అప్పటికి ప్రపంచంలో లేరు. హంగేరీకి చెందిన జుడిట్ పోల్గార్ రికార్డును గుడివాడ పిల్ల దాటేసింది.

తిమ్మనకు రాజాశ్రయం దొరికింది. ఈ కాలపు ఆటగాళ్లకు ఇల్లే ఆశ్రయం. గుంటూరు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ కిరీటం గెలిచాడు. అదే గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 13 ఏళ్లకే చదరంగ ఒలింపియాడ్ ఆడింది. పతకం కోసం 18 ఏళ్లు ఎదురుచూసి, 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా పలకముందు కూర్చుని జట్టుతోపాటు కాంస్యం అందుకుంది. వరంగల్ కుర్రాడు ఇరిగేసి అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగుకు చేరాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనే.

2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచినప్పుడు అర్జున్, హరికృష్ణ ఒక జట్టులో, హారిక మరో జట్టులో ఉన్నారు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ అదే ఏడాది డిసెంబరులో 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అతని సన్నాహక బృందంలో హరికృష్ణ ఒకడు.

ఆ నెల 28న న్యూయార్కులో మహిళల ప్రపంచ రాపిడ్ పోటీ ముగిసింది. తొలి రౌండ్‌లోనే ఓడిన హంపి, 11 రౌండ్లకు 8.5 పాయింట్లు సాధించి 37 ఏళ్ల వయసులో రెండోసారి విజేత అయింది. ఆఖరి ఆటను నల్ల పావులతో గెలిచింది.