మూసీకి ఆనకట్టలు కట్టాం సరే, మరి వానకి?

హైదరాబాదులో గట్టి వాన పడి రోడ్లు మునిగినప్పుడల్లా మనవాళ్ళు "నిజాం కాలంలో ఎంత బాగా కట్టారండీ, ఇప్పుడే ఇలా తగలడింది" అంటుంటారు. అందులో సగమే నిజం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. పోయినవాళ్ళు 15,000 దాకా ఉంటారని అంచనా. అప్పట్లో ఎగువన గొలుసుకట్టు చెరువులు వందల్లో ఉండేవి. ఒకటి నిండితే అలుగు పారి, ఆ నీళ్ళు కింది చెరువుకి చేరేవి. మామూలు వానలకి ఇది మంచి బఫరే. కానీ ఆ వానకి పై చెరువు కట్ట తెగి, నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడ్డాయి. అలా 200కి పైగా తెగాయి. మన భాషలో చెప్పాలంటే, ఒక సర్వర్ పడిపోతే దాని లోడంతా పక్కదాని మీద పడి వరసగా అన్నీ కూలిపోవడమన్నమాట.

1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు లెక్కలన్నీ కట్టి, వరదని నగరానికి ఎగువనే ఆపాలన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రెండూ ఎగువ నుంచి వచ్చే వరదకి విరుగుడు. నగరం నెత్తిన పడే వానని అవేం చేస్తాయి? 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి ఏకంగా జాతీయ రహదారినే కోసేసింది. ఈ నీళ్ళకి దిక్కు చెరువులూ నాలాలే. వాటిని పూడ్చి మనం కాలనీలు కట్టుకున్నాం.

పోనీ నది వరదైనా పూర్తిగా ఆగిందా అంటే అదీ లేదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే, అఫ్జల్‌గంజ్‌కి కూతవేటు దూరంలోని ఎంజీబీఎస్ బస్టాండు మునిగింది. తాగునీటికైతే జలాశయం నిండుగా ఉండాలి, వరదకైతే ఖాళీగా ఉండాలి. నిండిపోయిన బఫర్ ఇంక దేన్నీ ఆపలేదు కదా!

"లేక్ వ్యూ" ఫ్లాటు కొనేముందు మనం ఈఎంఐ చూస్తాం, వాస్తు చూస్తాం. ఆ చెరువు ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా ఉందో, అలుగు నీళ్ళు ఎటు పోతాయో కూడా ఓసారి కనుక్కోండి. ఆ దారి మీ సెల్లారు గుండా పోతుంటే మాత్రం, కడుతున్న ఈఎంఐలో వరద కూడా కలిసున్నట్టే.